ఏది బోడిగుండు?

కుప్పం,
11-2-1998.

చి. గంగాధరానికి మీ బావ దేవరాజులు ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను.

ఆరు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదు. తీరిక లేక కాదు, రాయకూడదనే రాయలేదు. నీ కూతురు రూప పెళ్లిలో, బంతిలో కూర్చున్న యాభై మంది ముందు, "మా బావకు ఇప్పుడు పంది కనబడితే చాలు, కొట్టే మాట దేవుడెరుగు" అన్నావు. అందరూ నవ్వారు. పాయసం వడ్డించేవాడు గరిటె పట్టుకుని మరీ నవ్వాడు. నేను చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. మీ అక్క కమలాక్షి నాలుగు రోజులు ఆగి వచ్చింది. తమ్ముడి మీద ఆమె ప్రేమ అలాంటిది.

ఇప్పుడు రాస్తున్నది బామ్మర్దికి కాదు, మదనపల్లెలో తుపాకుల అంగడి పెట్టుకున్న మనిషికి. పుంగనూరు మేనమామ నాకు వదిలిపోయిన పెద్ద రైఫిలుకు పది తూటాలు కావాలి. బోడిగుండువి. మళ్లీ రాస్తున్నాను, బోడిగుండువే. దేనికని అడగొద్దు. అంగడివాడు అంగడివాడిలా ఉండి, అడిగిన సరుకు ఇస్తే చాలు.

మునెప్ప వస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా నా ముందు నడిచి అడవిలో అడుగులు చూసే మనిషి, లైసెన్సులో నా పేరు కింద అతని పేరు కూడా ఉంది. పుస్తకం అతని చేతికే ఇచ్చాను. ఫోను చేసి మీ అక్క దగ్గర నోరు జారొద్దు.

దేవరాజులు.


మదనపల్లె,
14-2-1998.

బావగారికి నమస్కారాలు.

తమరు రాసిన ప్రకారం పెద్ద రైఫిలు తూటాలు పది, బోడిగుండువి, మునెప్ప చేతికి ఇచ్చాను. లైసెన్సులో ఎక్కించి సంతకం చేశాను. దేనికని అడగలేదు. అంగడివాణ్ణి కదా, అడిగే అర్హత నాకెక్కడిది?

పెళ్లిలో నేనన్నది సరదాకు. మా నాన్న బతికున్నప్పుడు తమరు ఆయన్ని అంతకంటే ఎక్కువే అనేవారు, మేమంతా నవ్వేవాళ్లం, ఎవరూ బస్సెక్కలేదు.

అక్కకు ఫోను చేయను. తమ ఆజ్ఞ.

గంగాధరం.


కుప్పం,
27-2-1998.

గంగాధరం,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

దేనికని అడగొద్దన్నాను కదా, ఇప్పుడు చెబుతాను, విను. అవతలి తమిళ కొండల నుంచి వచ్చిన ఒంటి ఏనుగు ఒకటి దీపావళి నుంచి ఈ పక్క పల్లెల్లో తిరుగుతోంది. ఇద్దరిని చంపింది. టముకులూ టపాకాయలూ అన్నీ అయ్యాయి. చివరికి పైనుంచి కాల్చమని ఆర్డరు వచ్చింది. ఈ చుట్టుపక్కల ఏనుగుకు సరిపోయే రైఫిలు నా దగ్గరే ఉంది కాబట్టి నన్ను పిలిచారు. ఇరవై రోజుల గడువు. మీ అక్క వినాయకుడి మీదికి తుపాకి ఎత్తుతావా అని ఏడుస్తుందని ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలుస్తుందని నీకూ రాయలేదు.

మంగళవారం తెల్లవారేసరికి అరటితోట గట్టు మీద ఉన్నాను. ముప్పై అడుగుల దూరంలో నాకు ఎదురుగా నిలబడింది. కళ్ల మధ్య, ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాను. నా కన్ను గురించి పెళ్లిలో మాట్లాడావే, వెంట్రుకవాసి తేడా లేదు. ముందుకాళ్ల మీద కూలింది. పడిందనుకుని జనం కేక పెట్టారు. అది లేచింది. రెండోది భుజానికి తగిలింది. ఎడమపక్క ఉన్న మునెప్పను తొండంతో ఎత్తి గట్టు మీదికి విసిరి, నెత్తురు కార్చుకుంటూ అడవిలోకి పోయింది.

మునెప్ప తుంటి ఎముక విరిగింది. ఏనుగు నొప్పితో పిచ్చిదై తిరుగుతోంది. మునుపు రాగిచేలోకి వచ్చి మేసి పోయేది. ఇప్పుడు మనిషి వాసన తగిలితే చాలు, వెతుక్కుంటూ వస్తోంది. ఐదు పల్లెల జనం పొలానికి పోవడం మానేశారు.

ఎందుకు చావలేదో తెలుసా? నేను బోడిగుండు అడిగితే నువ్వు సీసం మూతివి ఇచ్చావు! మీ నాన్న కూర్చున్న గద్దె మీద కూర్చుని ఏ గుండు ఏదో తెలియకుండా వ్యాపారం చేస్తున్నావు. సిగ్గుందా నీకు?

దేవరాజులు.


మదనపల్లె,
3-3-1998.

ఏం బావా,

తమరు, గిమరు అని రాసేది ఇంతటితో సరి. సిగ్గు సంగతి నువ్వు నాకు చెబుతున్నావా?

బోడిగుండు అడిగావు, బోడిగుండు ఇచ్చాను. మా అంగడిలో మా నాన్న కాలం నుంచి, తలంతా రాగి తొడుగు ఉన్నది టోపీగుండు. టోపీ లేకుండా మూతి దగ్గర సీసం బయటికి కనబడేది బోడిగుండు. నెత్తిన ఏమీ లేనిదాన్ని బోడి అనక ఇంకేమంటారు? కురబలకోట నుంచి వచ్చే గొర్రెల కాపరి కూడా అంగడి మెట్టు మీద నిలబడి ఈ మాటే అంటాడు. నీ ఉత్తరం నా ముందే ఉంది. రెండుసార్లు రాశావు, బోడిగుండువే అని.

ఏనుగని ఒక్క ముక్క రాసుంటే ఈ గొడవే లేదు. ఏనుగు తల ముందుభాగం గట్టిరాయి కాదు, తేనెతుట్టె మాదిరి గదులు గదులుగా ఉన్న ఎముక. మెదడు ఆ వెనక, మూరెడు లోపల ఉంటుంది. సీసం మూతిది మొదటి ఎముకకు తగలగానే విచ్చుకుని, వెడల్పయి, దారిలోనే ఆగిపోతుంది. పందికి, చిరుతకు అదే మంచిది. మెత్తటి ఒంట్లోకి పోయి అక్కడే విచ్చుకుని పని ముగిస్తుంది. ఏనుగుకైనా అడవిదున్నకైనా రాగి తలది ఉండాలి. అది విచ్చుకోదు, వంగదు, ఎముకలన్నీ దాటుకుని నేరుగా మెదడు దాకా పోతుంది. జంతువేదో తెలియకుండా గుండు ఎంచి ఇమ్మంటే నేనేమైనా సోదె చెప్పేవాడినా?

ఇంకో మాట. ముప్పై ఏళ్ల వేటగాడివి. తూటా రైఫిల్లోకి తోసేటప్పుడు దాని మూతి వైపు చూడవా? కళ్లెక్కడ పెట్టుకున్నావు? దీనికి జవాబు రాయి ముందు.

మునెప్ప ఎలా ఉన్నాడో కూడా రాయి.

గంగాధరం.


పుంగనూరు,
9-3-1998.

గంగాధరం,

ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావుగా. నువ్వు నాకు తెలుగు నేర్పిస్తున్నావు కదా, సరిగ్గా నేర్చుకుందామని మామ ఇంటికే వచ్చాను. మామ లేకపోయినా అమరావతి అత్త ఉంది. ఎనభై ఏళ్లు దాటినా ఆమె జ్ఞాపకం నీ అంగడి తాళంలా తుప్పు పట్టలేదు. మామ వేటకు పోయే ముందు తూటాలు తుడిచి వరసపెట్టి ఇచ్చింది ఆమె చేతులే.

నేనేమీ చెప్పకుండా, "అత్తా, మామ దేన్ని బోడిగుండు అనేవాడు?" అని అడిగాను. ఆమె మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"రాగిది నున్నగా ఉంటాది గదప్పా, తిరపతిలో గుండు గీయించుకున్న తల మాదిరి. దాన్నే మీ మామ బోడి అనేది. మూతికాడ సీసం పొడుసుకోని వచ్చిండేది పిలకగుండు. పందికి పిలకది, పెద్దవాటికి బోడిది. సిన్నపిల్లోల్లకి గూడా తెలుసే! యాల అడగతాండావు ఇప్పుడు?"

విన్నావా? పిలక ఉన్నదాన్ని బోడి అనే ఊరు మీ మదనపల్లె ఒక్కటే అయ్యుంటుంది. ఆమె ముందు నీ పేరు ఎత్తలేదు. ఎత్తుంటే ఈ వయసులో బస్సెక్కి వచ్చి నీ అంగడి ముందు నిలబడేది.

మునెప్పకు కుప్పంలో లాభం లేదని మీ ఊరి ఆసుపత్రికే తెచ్చి చేర్చాను. నీ గడప తొక్కలేదు. చూడాలనుకుంటే చూడు. అతనికి రాగిసంకటి తప్ప ఏదీ సయించదు.

మీ అక్కకు అంతా తెలిసిపోయింది. పది రోజులుగా నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి లోపలికి పోతుంది.

దేవరాజులు.


మదనపల్లె,
16-3-1998.

బావా,

బోడి మాట, పిలక మాట పక్కనపెట్టు. పుంగనూరు దాకా పోయి అత్తను సాక్ష్యం తెచ్చావు, నేనడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగాను. ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఆ ఊసే లేదు. ఎందుకు లేదో ఈ రోజు తెలిసింది.

మునెప్పకు సంకటి తీసుకుపోయాను. నడుం నుంచి మోకాలి దాకా కట్టు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేడని గుర్తొచ్చి నవ్వాడు. తిన్నాక నేనే కదిలించాను. తూటాలు నువ్వే మోసుకుపోయావు కదా, దారిలో చూడలేదా అని.

"యాల సూడలేదప్పా? పుంగనూరు బస్టాండులో ఇప్పి సూసినా. పిలకవి ఉండాయి. ఇంటికి పోతానే సెప్పినా. మంగళారం జీపులో మల్లా సెప్పినా. అప్పా, ఇవి బోడివి కాదు, వద్దు, ఎనక్కి పోదాము, నేను మదనపల్లెకి పోయి మార్సుకోని వస్తానని. ఆయప్ప నోరు మూసుకోమన్నాడు."

చెయ్యి తుడుచుకుని మళ్లీ అన్నాడు: "ఆయప్పని ఏమీ అనొద్దప్పా. ఊరంతా జీపు సుట్టూ నిలబడి సూస్తాండారు. ఆడికి పోయినాక ఎనక్కి ఎట్ల పోతాడు?"

చూశావా బావా! నువ్వు చూశావు. చూసి, తెలిసి, ఆ గుండే తోసి పేల్చావు. పేల్చి, మనిషిని మంచాన పడేసి, మూగజంతువు తలలో కురుపు పెట్టి, ఇంటికొచ్చి కలం తీసి నాకు సిగ్గుందా అని రాశావు! నీ ఉత్తరం పట్టుకుని పది రోజులు అంగడిలో తలెత్తలేదు నేను. మా నాన్న ఫోటో వైపు చూడలేకపోయాను.

నిన్ను చూస్తే అసహ్యం వేస్తోంది. ఈ మాట రాయడానికి నాకేమీ సంకోచం లేదు.

గంగాధరం.


కుప్పం,
20-3-1998.

గంగాధరం,

నిజమే.

చూశాను. ఇంటికి తెచ్చిన రోజే చూశాను. మళ్లీ నీకు రాసి, మార్చి ఇమ్మని అడగాలి. అడిగితే, "ఏం బావా, కళ్లజోడు పెట్టుకుని రాయి" అంటావని ముందే వినబడింది. గడువులో ఆరు రోజులే మిగిలాయి. జీపు వాకిట్లో ఉంది, జనం దండలు కూడా తెచ్చారు. సీసం మూతిదైనా గురి బాగుంటే పడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధమని తెలుసు. పందొమ్మిదో ఏటే పుంగనూరు మామ చెప్పాడు, పెద్ద జంతువు ముందు గుండు తప్పయితే గురి ఎంత బాగున్నా ఒక్కటేనని.

నువ్వు రాసిందంతా పడతాను. ఒక్కటి మాత్రం పడను.

మునెప్ప జీపులో నాకు ఇంకోటి కూడా చెప్పాడు. అతను నీకు గుర్తుచేసి ఉండడు, అతని స్వభావం అది. నేను గుర్తుచేస్తాను. నీ అంగడిలో నిలబడి, "ఏనుక్కప్పా" అని చెప్పాడట. నీ తలపైన అరలో మీ నాన్న కాలంనాటి రేకుడబ్బా చూపించి, "ఆ డబ్బాలోవి గదప్పా ఇయ్యాల్సింది" అన్నాడట. నువ్వు నా ఉత్తరం అతని మొహం ముందు ఊపి, "మీ అప్ప నన్ను అడగొద్దన్నాడు. ఏం రాసినాడో అదే తీసుకోని పో" అన్నావట.

ఏనుగని ఒక్క ముక్క రాసుంటే అన్నావే. రాయలేదు సరే. చెప్పిన మనిషి చెవి పక్కనే నిలబడి చెప్పాడు కదా. సోదె చెప్పేవాడినా అని నన్నే ఎదురడిగావు. ఇప్పుడు చెప్పు, ఆ అసహ్యంలో నీ వంతు ఎంత?

దేవరాజులు.


మదనపల్లె,
2-4-1998.

బావా,

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను. నాలుగు ఉత్తరాలు రాసి చించాను. అన్నిట్లోనూ నిన్ను తిట్టాను. తిట్టడానికి ఇంకా బోలెడు ఉంది కానీ, మునెప్ప చెప్పింది నిజం.

అతను ఏనుగన్నాడు. నేను విన్నాను. చెయ్యి ఆ రేకుడబ్బా మీదికి పోయింది కూడా. అప్పుడు నీ ఉత్తరంలోని "అంగడివాడు అంగడివాడిలా" అన్న మాట గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పోనీ, తప్పు గుండుతో పోయి నవ్వులపాలవుతాడు, అప్పుడైనా నా దగ్గరికి వచ్చి అడుగుతాడు అనుకున్నాను. నవ్వులపాలు కావడం దాకానే నా ఊహ పోయింది. ఏనుగు ముందు నువ్వు ఒక్కడివే నిలబడవని, నీ ముందు మునెప్ప ఉంటాడని తట్టలేదు. తూటాలు గుడ్డలో మూటగట్టి అతని చేతికే ఇచ్చాను బావా. "జాగర్త, దారిలో పడేసుకోవద్దు" అని కూడా చెప్పాను.

ఆ డబ్బాలో పన్నెండు ఉన్నాయి. పాతికేళ్ల సరుకు, మందు చచ్చిందేమోనని రెండు పేల్చి చూశాను. బాగా పేలాయి. పది మిగిలాయి. గడువు పొడిగించారని అక్క ఫోన్లో చెప్పింది. నీతో మాట్లాడకపోయినా నీ సంగతులన్నీ నాతో మాట్లాడుతోంది.

మునెప్పను ఎల్లుండి పంపిస్తున్నారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు, అంతకంటే నడవడని డాక్టరు చెప్పాడు. నేనే కారులో తెచ్చి దింపుతాను. లైసెన్సు పుస్తకం సిద్ధంగా పెట్టుకో. తూటాల డబ్బా నా దగ్గర పెట్టుకుంటానంటే అతను ఒప్పుకోలేదు. "ఈసారి ఒళ్లో పెట్టుకోని నేనే వస్తా" అన్నాడు.

మీ ఇంట్లోకి రమ్మంటే వస్తాను. లేదంటే వాకిట్లో దింపి పోతాను.

గంగాధరం.


కుప్పం,
19-4-1998.

చి. గంగాధరానికి,

మొన్న తెల్లవారుజామున పని అయిపోయింది. ఎలా అయిందో నీకు చెప్పాలి.

బయలుదేరే ముందు రైఫిలు తీసుకుని మునెప్ప ఇంటికి పోయాను. రానని భయపడ్డాడేమో, మంచం వాకిట్లోకి వేయించుకుని కూర్చున్నాడు. నువ్వు దించిపోయిన డబ్బా అతని దగ్గరే ఉంది. పది తూటాలూ దుప్పటి మీద పరిచి, ఒక్కొక్కటే తీసి, మూతి మీద గోరుతో గీసి చూశాడు. సీసమైతే గోరుకు గీత పడుతుంది, రాగికి పడదు. ఒక్కదానికీ పడలేదు. ఐదు ఎంచి నా జేబులో వేసి గుండీ పెట్టాడు. "ఇంక పో అప్పా" అన్నాడు. సొంత లైసెన్సు లేనివాడు, చదువు రానివాడు, ఈ మధ్య నడవలేనివాడు, నాకు గుండు ఎంచి ఇచ్చాడు. తల వంచుకుని తీసుకున్నాను.

ఏనుగు చెరువు కింది చెరకుతోటలో ఉంది. సగానికి సగం అయిపోయింది గంగాధరం. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నుదుట రంధ్రం చీము పట్టి, ఈగలు ముసురుతున్నాయి. మట్టి తీసి తొండంతో తనే పూసుకుంటోంది. నన్ను చూసి పరుగెత్తి రాలేదు. తిరిగి నిలబడింది, అంతే. పాత గాయానికి బెత్తెడు కింద పెట్టాను. కాళ్లు మడిచి అలాగే కూర్చుంది, మళ్లీ లేవలేదు. కేక పెట్టినవాళ్లను నోరు మూసుకోమన్నాను.

మీ అక్క వచ్చింది. పసుపు నీళ్లు చల్లి, దాని నుదుటి మీద ఆ చీము పక్కనే బొట్టు పెట్టింది. అప్పుడు ఏడు వారాలకు మొదటిసారి నాతో మాట్లాడింది. "దీన్ని సంపినందుకు కాదు నాకు కోపం. యాభై మూడు దినాలు సావనీకుండా పెట్టినారే, మీరిద్దరూ. మీ పంతాలకి ఇది ఏం జేసింది? ఆ మునెప్ప ఏం జేసినాడు?" అంది. అందరి ముందూ అంది. ఈసారి నేను బస్సెక్కలేదు.

పశువుల డాక్టరు తల కోసి రెండు గుండ్లూ తీసి పళ్లెంలో పెట్టాడు. నీ డబ్బాలోది పుర్రె దాటి మెడ దాకా పోయినా చెక్కుచెదరలేదు, కడిగితే మళ్లీ వాడుకోవచ్చన్నట్టుంది. మొదటిది రెండంగుళాలు కూడా లోపలికి పోలేదు. కాలు కింద నలిగిన పుట్టగొడుగులా చదునైపోయి ఉంది.

ఆ చదునైనదాన్ని అడిగి తీసుకుని మునెప్పకు చూపించాను. అతనికి చూపించాల్సిన బాధ్యత ఉందనిపించింది. అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు. గోరుతో గీశాడు. కోపంగా అడిగుంటే బాగుండేది గంగాధరం. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"దీన్ని పుంగనూర్లో ఒకటంటారు, మదనపల్లెలో ఇంకొకటంటారు అని నన్ను కారులో తెచ్చి దింపిన దినం మీరిద్దరూ మాట్లాడుకుంటాంటే ఇన్నానప్పా. ఇంతకీ దీని పేరేంది?"

రేపు చెబుతానని వచ్చేశాను. రెండు రోజులైంది, ఆ వీధికి పోలేదు. ఏం చెప్పమంటావు?

దేవరాజులు.


మదనపల్లె,
23-4-1998.

బావా,

పుంగనూర్లో దాన్ని దేవరాజులు అంటారని, మదనపల్లెలో గంగాధరం అంటారని చెప్పు.

ఒక్కడివే పోయి చెప్పొద్దు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను, ఇద్దరం పోదాం.

గంగాధరం.